గోడవార పూలమడులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పెరడు 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఉంటుంది. మూడు వైపులా 6 అడుగుల ఇటుక గోడ ఉంది. గోడల వెంట అడుగు వెడల్పున మడి కట్టి, దొరికిన పూలమొక్కలన్నీ ఒక్కొక్కటి చొప్పున నాటాము. రోజూ నీళ్లు పోస్తున్నా మొక్కలు వాడిపోతున్నాయి. బతికినవి ముందుకు వంగి పెరుగుతున్నాయి. మడులు కొత్తగా వేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఇది నీళ్లు చాలక వచ్చిన కష్టం కాదు, మొక్కలను గోడకు మరీ దగ్గరగా నాటడం వల్ల వచ్చినది. గాలితో ఏటవాలుగా పడే వానను గోడ అడ్డుకుంటుంది కాబట్టి దాని మొదట్లో నేల చాలాసార్లు పొడిగానే మిగిలిపోతుంది. ఉన్న కాస్త తేమను ఇటుకలు, పునాది పీల్చుకుంటాయి. పగలంతా కాగిన గోడ పొద్దుపోయాక కూడా వేడిని వదులుతూనే ఉంటుంది. ఒకసారి గట్టి వాన వెలిసిన మర్నాడు మా గోడ మొదట్లో వేలు గుచ్చి చూశాను. గోడకు నాలుగు వేళ్ల దూరంలో మట్టి పొడిపొడిగా రాలింది, రెండడుగులు ఇవతల అదే మట్టి ముద్దకట్టింది. అప్పటినుంచి తీగ మొక్కనైనా గోడకు 18 అంగుళాల ఇవతలే నాటి, వెదురు పుల్లను ఏటవాలుగా ఆనించి దాని మీదుగా గోడకు పాకిస్తున్నాను. మీ మొక్కలు ముందుకు వంగడానికి కారణం వెలుతురు. వెనుక గోడ ఉన్నప్పుడు అవి వెలుతురు వచ్చే వైపుకే సాగుతాయి.

అందుచేత పార పట్టకముందే ఒక కాగితం మీద పెరటి పటం గీసి, ఒకే రోజున ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 4 గంటలకు నీడ అంచు ఎక్కడ పడుతున్నదో గుర్తు పెట్టండి. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు మీ 6 అడుగుల గోడ నీడ 6 అడుగుల దాకా పడుతుంది, అంతకంటె కిందికి దిగితే ఇంకా సాగుతుంది. చిన్న పెరటిలో ఆ నీడే సగం స్థలాన్ని ఆక్రమిస్తుంది. కాలం మారినప్పుడు నీడ కూడా మారుతుంది కాబట్టి వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూసుకోగలిగితే మరీ మంచిది.

ఇక మడుల సంగతి. చుట్టూ అడుగు వెడల్పున సన్నని మడి కట్టడం చిన్న పెరళ్లలో చాలామంది చేసే పొరపాటు. అందులో మొక్కలు ఒకే వరుసగా నిలబడతాయి తప్ప గుబురు రాదు, పైగా పెరడు మరింత ఇరుకుగా కనిపిస్తుంది. బాగా ఎండ తగిలే గోడ పక్కన 5 అడుగుల వెడల్పున ఒక మడి, ఇంకొక గోడ పక్కన 3 అడుగుల మడి చాలు. మూడో గోడను తీగలకు వదిలేయండి. పెద్ద మడిలో వెనుక అడుగున్నర స్థలం ఖాళీగా ఉంచి, అక్కడక్కడ రాళ్లు పరవండి. మొక్కలు గోడకు ఎడంగా ఉండడానికీ, వెనుక వరుసలో కలుపు తీయడానికీ ఆ సందు పనికివస్తుంది. మడి అంచును నీళ్ల పైపుతో నేల మీద పరిచి చూసుకుని, మీరు రోజూ ఏ కిటికీలోనుంచి చూస్తారో అక్కడ నిలబడి సరిచేసుకున్న తరువాతనే తవ్వండి.

తవ్వేటప్పుడు అడుగు లోతు వరకు మట్టిని తిరగేసి, గోడ కట్టినప్పుడు పడిపోయిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు ఏరివేయండి. గోడలు నీటిని బయటికి పోనివ్వవు కాబట్టి నీరు ఇంకుతున్నదో లేదో కూడా చూడాలి. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపితే గంటకు అంగుళమైనా దిగాలి. దిగకపోతే మడిని అర అడుగు ఎత్తుగా కట్టుకోవాలి. మూడు అంగుళాల మందాన మాగిన ఎరువు కలిపి, మట్టి సర్దుకునేందుకు రెండు వారాలు వదిలేయండి.

మొక్కల రకాలు తగ్గించి, ఒక్కొక్క రకాన్ని మూడు లేదా అయిదు చొప్పున గుంపుగా నాటండి. వెనుక పొట్టి రకం మెట్టతామర, మధ్యలో చేమంతి, సీతమ్మజడ, ముందు బిళ్లగన్నేరు, గడ్డిగులాబీ బాగుంటాయి. నీడ పడే చోట కనకాంబరం, కాశీతుమ్మ పెట్టండి. గడ్డిగులాబీ మాత్రం ఎండ లేనిదే విచ్చుకోదు. మడి వెడల్పులో మూడింట రెండు వంతులకు మించి ఎత్తు పెరిగే మొక్క మడిని మింగేసినట్లు కనిపిస్తుంది. సాయంత్రం పూట, కుండీని ముందుగా తడిపి, చుట్టుకుపోయిన వేళ్లను విడదీసి, కుండీలో ఎంత లోతున ఉన్నదో అంతే లోతున నాటండి. తరువాత ఎండుటాకులు రెండు అంగుళాల మందాన పరచండి, అవి కాండానికి తగలకూడదు.

ప్రశ్న: గోడ పక్కన నాటిన నూరువరహాల లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటున్నాయి. ఎరువు ఎంత వేసినా ఫలితం లేదు. ఏం చేయాలి?

జవాబు: గోడ సున్నం, సిమెంటు మట్టిలో కలిసి క్షారగుణం పెరిగినప్పుడు నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. మీరు చెప్పిన గుర్తులు దానివే. నూరువరహాలకు ఆమ్లగుణమున్న నేల ఇష్టం. ఇనుము చెలేట్ (మొక్క తేలికగా పీల్చుకోగల రూపంలోని ఇనుము) పిచికారీ చేస్తే కొన్నాళ్లు ఉపశమనం కలుగుతుంది గాని, మొక్కను గోడకు దూరంగా మార్చడమో పెద్ద కుండీలో పెంచడమో మేలు. బూడిద మాత్రం వేయకండి, క్షారం ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: చిన్న మడిలో రంగుల పొందిక ఎలా కుదుర్చుకోవాలి?

జవాబు: చిత్రకళ నేర్చి తోటల వైపు వచ్చిన ఆంగ్ల వనిత గెర్ట్రూడ్ జీకిల్ (1843–1932) మన్‌స్టెడ్ వుడ్‌లోని తన ఇంట 200 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల గోడవార మడిని పెంచింది. రెండు కొసల్లో నీలం, బూడిదవన్నె వంటి చల్లని రంగులు, నడుమకు వచ్చేకొద్దీ పసుపు, నారింజ, ఎరుపు. గుంపులను గుండ్రంగా కాక పొడవుగా, సన్నగా, ఏటవాలుగా నాటేది. పూత అయిపోయినప్పుడు ఖాళీ ఎక్కువ కనపడకపోవడానికి అదే కారణం. మన చిన్న మడిలో అన్ని రంగులూ ఇమడవు గాని, ఆ ఏటవాలు గుంపుల పద్ధతి పది అడుగుల మడికి కూడా సరిపోతుంది. నా మటుకు ఒక మడికి రెండు రంగులు, వాటి మధ్య తెలుపు చాలునంటాను. వెల్లవేసిన గోడ ముందు తెల్లపూలు కలిసిపోతాయి కాబట్టి అక్కడ ముదురు ఆకుల తీగను పాకించండి. సాయంత్రమే పెరట్లో కూర్చునేవారు చంద్రకాంతను కూర్చునే చోటికి దగ్గరగా నాటుకోవాలి, దాని పూలు పొద్దువాలే వేళకు గాని విచ్చుకోవు.