సంస్థ రిజిస్టర్ చేయించక్కర్లేదు, ముందు పిల్లల లెక్క రాయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీ బస్తీలో అంగన్‌వాడీ లేదు, టీకాలేసే నర్సమ్మ (ఏఎన్ఎం) ఎప్పుడొస్తుందో తెలియదు, కొందరు గర్భిణులు ఏడో నెల దాకా డాక్టరు దగ్గరికే వెళ్లట్లేదు. ఆడవాళ్లంతా కలిసి ఏదైనా చేయాలంటే ముందు ఎన్జీఓ పెట్టాలా అని అడిగారు.

అక్కర్లేదు. నేను హైదరాబాద్‌లో నాలా పక్కనున్న ఒక బస్తీలో పొదుపు సంఘం లీడర్‌ని. మేం ఏ సంస్థా పెట్టలేదు, బ్యానర్ కూడా కట్టలేదు. ఒక పొడుగు నోట్‌బుక్ కొన్నాం, అంతే.

"మా బస్తీకి మంచి వైద్యం కావాలి" అని అర్జీ ఇస్తే ఏ ఆఫీసులోనైనా మర్యాదగానే తీసుకుంటారు. ఆ తర్వాత ఏమీ జరగదు. ఆ మాటకు ఫలానా వాళ్లు జవాబు చెప్పాలని ఎక్కడా లేదు మరి. అందుకని ఒక్క పని అడగండి. అది ఏ రూల్ ప్రకారం ఇవ్వాలో చూపించండి. లెక్క జతచేయండి. మాకు కలిసొచ్చిన రూల్ అంగన్‌వాడీది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, కేంద్రం లేని చోట జనం అడిగితే మూడు నెలల్లోపు అంగన్‌వాడీ ఇవ్వాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. పల్లెలతో పాటు మనలాంటి బస్తీలకూ ఆ హక్కు ఉందని అందులోనే ఉంది. ఈ ముక్క చాలామంది సూపర్‌వైజర్లకే తెలియదు, తెలిసినా మనకు చెప్పరు.

లెక్క రాయడమే అసలు పని. పగలు ఇల్లిల్లూ తిరిగితే తాళాలే కనిపిస్తాయి. సగం మంది కూలీల అడ్డా మీదికి, మిగతావాళ్లు ఇళ్లల్లో పనికి వెళ్లిపోతారు. అందుకని నల్లా వచ్చే టైమ్‌లో, బిందెలు వరసలో ఉన్నప్పుడే అడిగి రాసుకున్నాం. బిడ్డ పేరు, తల్లి పేరు, గల్లీ, పుట్టిన తేదీ. తేదీ దగ్గరే బండి ఆగిపోతుంది. "బతుకమ్మకి వారం ముందు అక్కా", "గణేశ్ నిమజ్జనం రోజు నొప్పులొచ్చినయ్" అని చెప్తారు. దాన్నే రాసుకుని, తర్వాత దవాఖానా డిశ్చార్జ్ కాగితమో, తల్లీబిడ్డల కార్డో చూసి సరిచేసుకోవాలి. బద్ధకించొద్దు. తేదీల్లేని లిస్టును ఆఫీసులో ఒక్క నిమిషంలో పక్కన పెట్టేస్తారు.

మాకు మొదట వచ్చిన జవాబు "మీ ఏరియా పక్క సెంటర్ కిందికే వస్తుంది కదా" అని. ఆ సెంటర్ మెయిన్ రోడ్డు అవతల. మూడేళ్ల పిల్లల్ని ఆ ట్రాఫిక్‌లో ఎవరు దాటిస్తారో చెప్పమని అడిగి, కోర్టు ఉత్తర్వు తేదీ అర్జీలోనే రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నాం. ముద్ర లేకుండా ఆఫీసు మెట్లు దిగకండి. సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అదే అర్జీ మళ్లీ ఇచ్చాం. చివరికి సూపర్‌వైజర్ మా నోట్‌బుక్ పట్టుకునే సర్వే చేసుకుంది. కేంద్రం మంజూరైంది గానీ, సర్కారు ఇచ్చే అద్దెకు గది వెతకడం అర్జీకన్నా పెద్ద టెన్షన్ అయింది. ఓనర్లు "పిల్లల గోల" అంటారు. ఈలోపే మాట్లాడి పెట్టుకోండి.

ఇక గర్భిణుల సంగతి. మా బస్తీలో ఎక్కువమంది పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆధార్ ఊరి అడ్రస్‌తో ఉంటుంది కాబట్టి ఇక్కడ కార్డు రాయరేమోనని వెళ్లడమే మానేస్తారు. అది తప్పు. ఎక్కడ ఉంటే అక్కడే పేరు రాయించుకోవచ్చు, పరీక్షలూ టీకాలూ ఊరి అడ్రస్ చూసి ఆపేవి కావు. ఎవరైనా వెనక్కి పంపితే నలుగురు కలిసి అర్బన్ హెల్త్ సెంటర్‌లో మెడికల్ ఆఫీసర్‌నే అడగండి. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు దవాఖానాల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది, 2016 నుంచి నడుస్తున్న పథకం. మేం 8వ తేదీ రాత్రే వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతాం. రాత మెసేజ్ అందరూ చదవలేరు.

పిల్లల టీకాలు తప్పిపోవడానికి మా దగ్గర పెద్ద కారణం నిర్లక్ష్యం కాదు, పురుడు. ఏడో నెలలో పుట్టింటికి వెళ్తారు, బిడ్డకు నాలుగైదు నెలలొచ్చాక తిరిగొస్తారు. 6, 10, 14 వారాల టీకాలన్నీ సరిగ్గా ఆ మధ్యలోనే. అక్కడి వాళ్లేమో సిటీలో వేయించుకోమంటారు, ఇక్కడ బస్తీలో తిరిగే ఆశా వర్కర్‌కేమో బిడ్డ పుట్టిన సంగతే తెలియదు. అందుకే నోట్‌బుక్‌లో చివరి పేజీలు రెండిటికి కేటాయించాం: ఎవరు ఊరెళ్లారు, ఎవరు తిరిగొచ్చారు. వెళ్లేవాళ్ల సంచిలో కార్డు ఉందో లేదో చూస్తాం. వచ్చినవాళ్ల పేరు ఆ వారమే ఆశాకి చెప్తాం.

ఆశాతో మాత్రం గొడవ పెట్టుకోకండి. ఆమెకు వచ్చేది ఉద్యోగి జీతం కాదు, పారితోషికం. పైనుంచి తిట్లు, కింద నుంచి తిట్లు ఆమెకే. మన లిస్టు ఆమె పని సగం తగ్గిస్తుంది, ఆ తర్వాత లోపలి కబురు ఆమే చెప్తుంది. బస్తీ ఆడవాళ్లతోనే ఉండే ఆరోగ్య కమిటీ, అదే మహిళా ఆరోగ్య సమితి, గురించి మాకు అలాగే తెలిసింది. 2013లో మొదలైన అర్బన్ హెల్త్ మిషన్ కింద 50 నుంచి 100 ఇళ్లకు ఒక సమితి ఉండాలి, ఏడాదికి 5,000 రూపాయలు రావాలి. మీ బస్తీ సమితిలో ఎవరెవరున్నారో అడగండి. పేర్లు ఇవ్వకపోతే 10 రూపాయలతో సమాచార హక్కు (ఆర్టీఐ) అర్జీ వేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

కాన్పుల వార్డులో డబ్బులు గుంజడం గురించి కూడా చెప్పాలి. ఒక పెద్దాసుపత్రిలో మా బస్తీ అమ్మాయిల్ని బాబుకింత, పాపకింత అని అడిగారు. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష పథకం కింద సర్కారు ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, తిండి, ఇంటికి దింపడం అన్నీ ఉచితం. కానీ బెడ్ మీద ఉన్న మనిషి ఫిర్యాదు చేయదు, చేయమని బలవంతపెట్టకూడదు కూడా. ఇంటికొచ్చాక వార్డు, తేదీ, షిఫ్టు రాసుకుని, బాలింత పేరు లేకుండా సంఘం తరఫున సూపరింటెండెంట్‌కు ఇచ్చాం. వసూళ్లు ఆగిపోయాయని చెప్పను. మా బస్తీ వాళ్లని అడగడం తగ్గింది.

మేం సాధించలేనిది ఒకటుంది. అంగన్‌వాడీలో గర్భిణికి పూట భోజనం పెడతారు, పప్పన్నం, గుడ్డు, పాలు. మధ్యాహ్నం అక్కడికొచ్చి తినాలి. రక్తం బాగా తక్కువున్న అమ్మాయిలే ఆ టైమ్‌కి ఎక్కడో స్లాబు పనిలో ఉంటారు. కూలి వదులుకుని రమ్మని చెప్పలేం, గిన్నెలో పెట్టి పంపితే ఇంట్లో ఎవరు తింటారో తెలియదు. పొద్దున పనికెళ్లే ముందే పెట్టమని అర్జీ ఇచ్చాం, ఆయమ్మ ఆ వేళకు రాలేనంది, ఆమె మాటా నిజమే. మీ వైపు ఎవరైనా దీనికి దారి కనిపెడితే నాకు చెప్పండి.