ఆ బోల్టులు చివరిగా బిగించింది ఎవరు?

ప్రశ్న: మాది విజయవాడ. నాన్న కొనిచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలోను ట్రాక్ డేల (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడిపే రోజుల) కోసం మార్పించుకున్నాను. ఆయన పోయాక నాకు మిగిలిన గుర్తు ఆ కారే. హైదరాబాద్‌లో నేను అన్నా అని పిలిచే గ్యారేజీ ఓనరు 6 అంగుళాల వెడల్పు రిమ్ములు తీసి 7.5 అంగుళాల వెడల్పు అలాయ్‌లు, నాలుగు చక్రాలకూ 15 మిల్లీమీటర్ల స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) వేశాడు. రూ. 86,000 యూపీఐలో పంపాను, బిల్లు ఇవ్వలేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు కారు నడుపుకుంటూ వెళ్లాను. ముందు రోజు చెన్నైలో ఒక షెడ్డులో ముందు బ్రేక్ ప్యాడ్లు మార్పించాను. రెండో సెషన్‌లో స్టీరింగ్ వణికింది. మూడో సెషన్‌లో ముందు ఎడమ చక్రం ఊడిపోయి కారు గోడకు గుద్దుకుంది. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తిరస్కరించారు. 22 నెలలుగా అన్న "చూద్దాం తమ్ముడూ" అంటూ తిప్పుతున్నాడు. పాత తేదీతో ఫిట్టింగ్ బిల్లు రాసిస్తానని ఒక స్నేహితుడు అంటున్నాడు. నమ్మిన మనిషి మీద కేసు నెగ్గగలనా?

సమాధానం: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం అన్న చేసిన ద్రోహం గురించే ఉంది. కేసును తేల్చేది అది కాదు, మీరు మధ్యలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. బ్రేక్ ప్యాడ్లు మార్చాలంటే ముందు చక్రాలు విప్పాలి. అంటే ఊడిన చక్రాన్ని చివరిగా బిగించింది హైదరాబాద్ గ్యారేజీ కాదు, చెన్నై షెడ్డు. వినియోగదారుల కమిషన్ ముందు గ్యారేజీ తరఫు లాయరు అడిగే మొదటి ప్రశ్న ఇదే. దీనికి జవాబు లేకుండా ఫిర్యాదు వేస్తే మొదటి వాయిదాలోనే మీ కేసు బలహీనపడుతుంది.

జవాబు బోల్టుల్లోనే ఉంది. పోలోలో బోల్టు చక్రం లోంచి, స్పేసర్ లోంచి వెళ్లి హబ్‌లో (చక్రాన్ని బిగించే ఇరుసు భాగంలో) దిగుతుంది. 15 మిల్లీమీటర్ల స్పేసర్ వేసినప్పుడు బోల్టు కూడా అంతే పొడవు పెరగాలి. పాత బోల్టులతోనే బిగిస్తే హబ్‌లో దిగాల్సిన థ్రెడ్ (బోల్టు మర) 15 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కనీసం బోల్టు వ్యాసమంత, అంటే 14 మిల్లీమీటర్లు దిగాలన్నది ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే లెక్క. ఇంకోటి, పోలో కంపెనీ బోల్టుల తల కింది భాగం గుండ్రంగా ఉంటుంది. బయట దొరికే అలాయ్‌లు చాలావాటికి శంకువు ఆకారపు బోల్టు కావాలి. గుండ్రటి బోల్టును అలాంటి అలాయ్‌కు వేస్తే సరిగా కూర్చోదు, బిగించినా వదులవుతుంది.

పొట్టి బోల్టో తప్పు బోల్టో వాడారని తేలితే తప్పు హైదరాబాద్ గ్యారేజీది, చెన్నైలో ఎవరు ఎంత గట్టిగా బిగించినా సరే. బోల్టు పొడవూ ఆకారమూ సరిగానే ఉండి, వదులుగా ఉండటం వల్ల చక్రం ఊడితే వేలు చెన్నై షెడ్డు వైపు తిరుగుతుంది. అందుకే మీ దగ్గరున్న అసలు సాక్ష్యం విరిగిన ముందు చక్రం కాదు, వెనక చక్రాలు. వాటిని చెన్నైలో ఎవరూ ముట్టుకోలేదు. గ్యారేజీ ఏ బోల్టు వేసిందో అవే చెబుతాయి. ఈ రోజు నుంచి ఆ చక్రాలు విప్పకండి, కారు కదపకండి, రిపేరుకు ఇవ్వకండి. ముందు చక్రం బోల్టు ముక్కలు ఏవి దొరికితే అవి కవర్లో వేసి సీలు చేయండి. కోసి చూసే పరీక్షలు ఎదుటివాళ్లకు తెలియకుండా చేయించొద్దు, ఆ రిపోర్టుకు విలువ పోతుంది.

ఇన్సూరెన్స్ సంగతి మరచిపోండి. ప్రైవేటు కారు పాలసీలో రేసింగు, స్పీడ్ టెస్టింగులకు వాడకం ముందే మినహాయించి ఉంటుంది. అక్కడ నిజం దాచకపోవడమే మంచిది.

ఇక ఆ పాత తేదీ బిల్లు. వద్దు. కమిషన్ విచారణ చట్టప్రకారం న్యాయవిచారణతో సమానం. అందులో దొంగ సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా జైలు. బిల్లు నంబరు వరస, ఆ నెల జీఎస్టీ రిటర్ను తెప్పించమని ఎదుటి లాయరు ఒక్క పిటిషను వేస్తే మీరూ మీ స్నేహితుడూ ముద్దాయిలవుతారు, అన్న ఇంటికెళ్తాడు. పైగా మీకు ఆ బిల్లు అవసరమే లేదు. డబ్బు వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు ఉంది. స్పేసర్ల గురించి మీరిద్దరూ మాట్లాడుకున్న వాట్సాప్ మెసేజీలు, వాయిస్ నోట్లు ఉంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో దాఖలు చేయండి. ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి.

గడువు గురించి మీరు ఒక్క మాటా అడగలేదు. నాకు కోపం తెప్పించింది ఇదే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు 2 సంవత్సరాలే గడువు. మీకు మిగిలింది మహా అయితే 2 నెలలు. "చూద్దాం తమ్ముడూ" అన్న మాట గడువును ఒక్క రోజు కూడా పెంచదు. లాయరు నోటీసు ఇచ్చినా పెంచదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, కానీ అన్న మీద గౌరవం తగిన కారణం కాదు.

ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. చెన్నై షెడ్డును వదిలేస్తే, అక్కడ లేనివాడి మీదకు నెపం నెట్టడం గ్యారేజీకి తేలిక. గడువు దాటాక చేర్చాలంటే మళ్లీ పోరాటమే. మీరు విజయవాడలో ఉంటున్నారు కాబట్టి అక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే, ఫీజు లేదు. ట్రాక్ దగ్గర సంతకం చేసిన ఇండెమ్నిటీ బాండు (ప్రమాదమైతే నష్టం అడగనని రాసిచ్చే పత్రం) నిర్వాహకులకు రక్షణ, గ్యారేజీకి కాదు.

రెండు దెబ్బలకు సిద్ధంగా ఉండండి. ఒకటి, వణుకు వచ్చాక కూడా మూడో సెషన్‌కు వెళ్లడం. పిట్‌లో ఆగి టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) చూడటానికి ఐదు నిమిషాలు పట్టేది. మీరూ చావొచ్చు, పక్క కారులో ఉన్నవాడూ చావొచ్చు. దీనికి పరిహారంలో కోత పడుతుంది, పడాలి కూడా. రెండోది, అలాయ్ ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత దూరమన్న కొలత) పాతదే అయితే చక్రం బయటి అంచు దాదాపు 34 మిల్లీమీటర్లు బయటికొచ్చి ఉంటుంది. ఆ కారును హైవే మీద నడిపారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూపించి మార్పే అక్రమం అంటారు. 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. మీ జవాబు ఒకటే: డబ్బు తీసుకుని ఆ మార్పు చేసినవాడు తన బిగింపులోని నిర్లక్ష్యానికి ఆ సెక్షన్‌ను అడ్డం పెట్టుకోలేడు. కమిషన్ దీన్ని పూర్తిగా ఒప్పుకోకపోవచ్చు, అయినా ఈ వాదన వేయాల్సిందే.

ఫిర్యాదుతో పాటే ఒక మధ్యంతర దరఖాస్తు పెట్టండి. ఇరుపక్షాల ఎదుట వెనక చక్రాలు విప్పి, బోల్టుల పొడవు, హబ్‌లో దిగిన థ్రెడ్ కొలిచి, ఫొటోలతో రిపోర్టు ఇవ్వడానికి నిపుణుణ్ని నియమించమని కోరండి. ఈ వారమే కారు ఇప్పుడు ఉన్న చోటికి వెళ్లి, ఏ భాగమూ తీయవద్దని ఆ చోటు యజమానికి రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి.