వేర్వేరు డీజిల్ లోకోలను ఒకే బండికి కట్టినప్పుడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మూడు రకాల లోకోలు కలిపిన బండిని నీ చేతికి ఇస్తున్నారని రాశావు. నీ టెన్షనంతా లోకోల మధ్య కంట్రోల్ కబురు మోసే జంపర్ కేబుల్ గురించే ఉంది. నా బెంగ మాత్రం వెనక లోకోల చక్రాలు తిప్పే ట్రాక్షన్ మోటార్ల గురించి.

కేబుల్ సంగతి చిన్నదే. ఉత్తర అమెరికాలో 27 పిన్నుల కేబుల్, 74 వోల్టుల కంట్రోల్, శక్తిని పెంచే 8 మెట్లు (నాచ్‌లు) ప్రామాణికమయ్యాక వేర్వేరు కంపెనీల లోకోలు కలిసి నడవడం మామూలైంది. బ్రిటన్‌లో కలిసి నడిచే లోకోలకు ఒకే గుర్తు వేసేవారు, నీలం నక్షత్రానికి నీలం నక్షత్రమే జత. నీ లోకోలు కలుస్తాయో లేదో షెడ్‌లోనే తేల్చుకో. బ్రేక్ వేసి, వదిలి, ప్రతి లోకో దగ్గరికీ నడిచి వెళ్లి బ్రేక్ షూలు నీ కళ్లతో చూడు.

ఇప్పుడు అసలు విషయం. కేబుల్‌లో వెళ్లేది "ఎనిమిదో నాచ్" అన్న కబురు మాత్రమే. దానికి ఏ లోకో ఎంత శక్తి ఇస్తుందో, ఎంత త్వరగా ఇస్తుందో దాని ఇష్టం. ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే టర్బో ఉన్నవి కొన్ని నెమ్మదిగా లోడ్ అందుకుంటాయి. అందుకే నాచ్‌కీ నాచ్‌కీ మధ్య ఆగు, లేకపోతే బండిని కలిపి ఉంచే కప్లర్లు గుంజుకుంటాయి.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా జాగ్రత్త. వేగం తగ్గేకొద్దీ డీసీ మోటార్‌లో కరెంట్ పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. అమెరికా డీసీ లోకో ఎస్‌డీ40-2 లాంటిది పూర్తి శక్తితో ఆగకుండా లాగగలిగే కనీస వేగం గంటకు సుమారు 18 కిలోమీటర్లు. ఏసీ మోటార్ల లోకో అంతకన్నా చాలా నెమ్మదిగా కూడా హాయిగా లాగుతుంది. ముందు ఏసీ, వెనక డీసీ ఉంటే ముందు లోకోలో నీ ఎదురుగా ఉన్న కరెంట్ మీటర్ ఏ ఇబ్బందీ చూపించదు, వెనకవి మాత్రం ఉడికిపోతాయి. నేను ఒకసారి ఇలాగే మీటర్‌ను నమ్మి ఎక్కించాను. పైకి చేరి దిగేసరికి మూడో లోకో దగ్గర మోటార్ చుట్టల వార్నిష్ కాలిన వాసన. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి మూడింటిలో బలహీనమైనదాని కనీస వేగాన్నే బండి మొత్తానికి హద్దుగా పెట్టుకున్నాను. ఆ వేగం నిలవదనిపిస్తే బండిని రెండు ముక్కలు చేసి ఎక్కించడమే మంచిది. ఆలస్యమైందని ఎవరైనా కోప్పడితే పడనీ.

గేర్ నిష్పత్తి కూడా చూసుకో. ప్యాసింజర్ గేర్ ఉన్న లోకో నెమ్మదిగా లాగేటప్పుడు ముందుగా వేడెక్కుతుంది. గూడ్స్ గేర్ ఉన్నదాన్ని మితిమీరిన వేగంతో నడిపితే మోటార్‌లో తిరిగే భాగం, ఆర్మేచర్, చుట్టలే ఊడిపోవచ్చు.

దిగేటప్పుడు మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేగం తగ్గించే డైనమిక్ బ్రేక్ అన్నింటిలో ఒకేలా పట్టదు. పాత రకాల్లో వేగం తగ్గేకొద్దీ పట్టు జారుతుంది, కొత్తవి చివరిదాకా పట్టి ఉంచుతాయి. ముందువైపు బ్రేక్ మరీ ఎక్కువైతే మలుపులో ఖాళీ వ్యాగన్లు పట్టాల మీంచి లేచిపోతాయి. ఏ లోకోకు డైనమిక్ బ్రేక్ పనిచేస్తోందో, ఏది కటౌట్ చేశారో బయల్దేరే ముందే అడుగు.

మూడు లోకోల కనీస వేగం, గేర్, షార్ట్ టైమ్ రేటింగ్ (ఎక్కువ కరెంట్‌ను మోటార్ ఎంతసేపు తట్టుకుంటుందో) రాసి నాకు పంపు. నువ్వు డ్యూటీ ఎక్కేలోపు ఇద్దరం కూర్చుని లెక్క చూద్దాం.

నీ పెదనాన్న