ఎర్ర సముద్రంలో గొడవ, మిర్యాలగూడ మిల్లులో లెక్క

దేశాల మధ్య గొడవలు సముద్ర రవాణాను ఎలా దెబ్బతీస్తాయన్న విషయం మీద ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలలో ఆరింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాము. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున అందరి పేర్లూ వదిలేసి ఊరి పేర్లు మాత్రమే ఇచ్చాము.

ప్రశ్న: మా మిల్లు నుంచి ఉప్పుడు బియ్యం కాకినాడ రేవు మీదుగా పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌కు పోతుంది. ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఓడ కిరాయి పెరిగిందని బ్రోకరు అంటున్నాడు. పటం తీసి చూస్తే మా ఓడ అసలు ఆ దారినే పోదు. ఇది మోసం కాదా?
— రైస్ మిల్లు భాగస్వామి, మిర్యాలగూడ

జవాబు: పటం తీసి చూసి మంచి పని చేశారు. కాకినాడ నుంచి బెనిన్‌లోని కొటోనూ రేవుకు పోయే ఓడ శ్రీలంకను చుట్టి, హిందూ మహాసముద్రాన్ని ఏటవాలుగా దాటి, దక్షిణాఫ్రికా కొసన గుడ్ హోప్ అగ్రం తిరిగి పైకి పోతుంది. ఎర్ర సముద్రాన్ని మధ్యధరా సముద్రంతో కలిపే సూయజ్ కాలువతో దానికి పని లేదు. అయినా మీ బ్రోకరు మాటలో సగం నిజముంది.

2023 నవంబరు 19న యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ అనే కార్ల రవాణా నౌక మీద హెలికాప్టరు నుంచి దిగి, దాన్ని పట్టుకుపోయారు. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే పెద్ద కంటైనర్ కంపెనీలు ఆసియా, ఐరోపాల మధ్య తిరిగే తమ ఓడలను సూయజ్ దారి మాన్పించి, మీ ఓడ పోయే గుడ్ హోప్ దారికే మళ్లించాయి. దాంతో ఒక్కో ప్రయాణానికి 10 నుంచి 14 రోజులు అదనంగా పట్టసాగాయి. ఒక వంతెన కూలిపోయి, రోజున్నరలో పోయి రావలసిన లారీలు చుట్టు తిరిగి మూడు రోజులకు వస్తున్నాయనుకోండి. అంతే సరుకుకు రెండింతల లారీలు కావాలి, అప్పుడు ఆ వంతెన ముఖం ఎన్నడూ చూడని మిల్లుకు కూడా లారీ దొరకదు, దొరికినా కిరాయి మండిపోతుంది. ఓడల సంగతీ అంతే. సూయజ్ కాలువకు 2023లో దాదాపు 1025 కోట్ల డాలర్ల ఆదాయం రాగా 2024లో అది 399 కోట్లకు పడిపోయిందంటే, ఎన్ని ఓడలు దారి మార్చుకున్నాయో ఊహించుకోవచ్చు.

ఇక మిగిలిన సగం. బిల్లులో ‘యుద్ధ ప్రమాద ప్రీమియం’ అని ఒక పద్దు ఉంటే, అది ఏ జలాలకు వేశారో అడగండి. లండన్ బీమా మార్కెట్‌లోని జాయింట్ వార్ కమిటీ ప్రమాదకర జలాల జాబితా ఒకటి ప్రకటిస్తుంది. ఆ జలాల్లోకి పోయే ఓడ యజమాని ముందుగా బీమాదారుకు చెప్పి అదనపు ప్రీమియం కట్టాలి. బెనిన్ తీరం ఉన్న గినియా సింధుశాఖ సముద్రపు దొంగల కారణంగా ఆ జాబితాలోకి ఎప్పుడో ఎక్కింది. అంటే మీరు ఆ పద్దు కింద కడుతున్నది యెమెన్ క్షిపణులకు కాదు, నైజీరియా వైపు దొంగలకు.

మరో మాట. కాకినాడ లంగరు రేవులో మన బస్తాలు బార్జిల మీద ఓడ దగ్గరకు పోతాయి. చినుకు పడగానే ఓడ మీది హ్యాచ్ మూతలు వేసి, కూలీలు చేతులు కట్టుకు కూర్చుంటారు, ఒప్పుకున్న గడువు దాటి ఓడ నిలిచిన ప్రతి రోజుకూ డెమరేజీ అనే పరిహారం పడుతుంది. రేవులో ఎగుమతి కాగితాలు చూసిన రోజుల్లో వాన వల్ల పడిన డెమరేజీని దూరదేశపు యుద్ధం ఖాతాలో రాసిన బిల్లు ఒకటి నా చేతికి వచ్చింది. కాబట్టి మొత్తం అంకె ఒప్పుకోకుండా కిరాయి, ఇంధనపు సర్‌చార్జి, ప్రీమియం, డెమరేజీ విడివిడిగా రాసి ఇమ్మనండి.

ప్రశ్న: మా అబ్బాయి రసాయనాల ట్యాంకర్‌లో ఇంజిన్ విభాగంలో పని చేస్తున్నాడు. ఓడ ఎటు పోతుందో అడిగితే ఫోన్‌లో చెప్పడు. ప్రమాదమున్న చోటికి రానని చెప్పే హక్కు వాడికి ఉందా? చెబితే ఉద్యోగం పోతుందా?
— తండ్రి, దేవరకొండ

జవాబు: దారి చెప్పకపోవడం మీ దగ్గర దాపరికం కాదు, ఓడ కదలికలు బయటికి చెప్పవద్దని చాలా కంపెనీలు సిబ్బందిని ఆదేశిస్తాయి. దానికి కారణమూ ఉంది. ప్రతి పెద్ద ఓడ తన పేరు, స్థానం, వేగం చుట్టుపక్కల ఓడలకు తెలిపే ఏఐఎస్ అనే పరికరాన్ని మోస్తుంది. ఢీకొనకుండా ఉండడానికి పెట్టిన ఆ పరికరమే దాడి చేసేవాడికి చిరునామా చెబుతోంది. 2024లో ఎర్ర సముద్రం దాటిన కొన్ని ఓడలు గమ్యం రాయవలసిన గడిలో ‘సిబ్బంది అంతా చైనీయులు’ అని రాసుకున్నాయి. మనవైపు ఇంటి గుమ్మం మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసినట్టే ఉంది కదా!

హక్కు విషయానికి వస్తే, అంతర్జాతీయ నావికుల సంఘాలూ ఓడ యజమానుల సంఘాలూ కలిసి కుదుర్చుకునే ఐబీఎఫ్ ఒప్పందం ఒకటుంది. 2023 డిసెంబరులో ఆ రెండు పక్షాలూ ఎర్ర సముద్రపు దక్షిణ భాగాన్ని ప్రమాద మండలంగా గుర్తించాయి. ఆ ఒప్పందం వర్తించే ఓడలో, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి రానని నావికుడు నిరాకరించవచ్చు. అప్పుడు కంపెనీ తన ఖర్చుతో అతన్ని ఇంటికి పంపాలి. పోవడానికి ఒప్పుకుంటే అక్కడ గడిపిన రోజులకు మూల వేతనంతో సమానమైన బోనసు ఇవ్వాలి, మరణానికీ అంగవైకల్యానికీ పరిహారం రెట్టింపు అవుతుంది. ఒప్పందం వర్తించని ఓడలో అతని సొంత కాంట్రాక్టు కాగితమే దిక్కు. అందుకే ఓడ ఎక్కేముందు ఆ కాగితం నకలు ఒకటి ఇంట్లో పెట్టుకోవాలి. పంపిన ఏజెంటుకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉందో లేదో కూడా చూసుకోండి. పాలమూరు, దేవరకొండ పల్లెల వాళ్లకు వలస ఏజెంట్ల సంగతి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. సముద్రం మీదా వాళ్లే ఉంటారు, చొక్కా మాత్రం తెల్లగా ఉంటుంది.

ప్రమాదం ఎంతన్నది మీరు అడగలేదు గాని, మీ ప్రశ్న అదేనని అనిపించింది. దొంగలు ఎక్కితే సిబ్బంది లోపలి నుంచి గడియ పెట్టుకునే సిటాడెల్ అనే గట్టి గది ఉంటుంది. 2024 జనవరి 5న లీలా నార్ఫోక్ అనే ఓడలో 15 మంది భారతీయులతో సహా 21 మంది ఆ గదిలోనే దాక్కున్నారు, ఐఎన్ఎస్ చెన్నై నుంచి వెళ్లిన మెరైన్ కమాండోలు వాళ్లను క్షేమంగా బయటికి తెచ్చారు. క్షిపణి ముందు మాత్రం ఆ గది పనికిరాదు. 2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే నాఫ్తా ట్యాంకరుకు క్షిపణి తగిలి నిప్పంటుకుంటే, దాదాపు అందరూ భారతీయులే అయిన సిబ్బందికి తోడుగా ఐఎన్ఎస్ విశాఖపట్నం బృందం గంటల తరబడి పోరాడి మంట ఆర్పింది, అందరూ బతికారు. ఆ మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడ మీద జరిగిన దాడిలో ముగ్గురు నావికులు చనిపోయారు. దాడికి గురైన ఓడలలో ఎక్కువ భాగం ప్రాణనష్టం లేకుండానే బయటపడ్డాయి. ప్రమాదమే లేదని మాత్రం నేను చెప్పలేను.

ప్రశ్న: మన నౌకాదళం ప్రతి వాణిజ్య నౌకకూ తోడు పోతే సరిపోదా?
— డిగ్రీ విద్యార్థి, వనపర్తి

జవాబు: అన్ని యుద్ధనౌకలు ఏ దేశానికీ లేవు. పైగా ఒక చోట కాపలా పెరిగితే మరో చోట సందు దొరుకుతుంది. యుద్ధనౌకలన్నీ క్షిపణుల మీద చూపు నిలిపిన సమయంలోనే, కొన్నేళ్లుగా అణిగి ఉన్న సోమాలియా దొంగలు 2023 డిసెంబరులో రుయెన్ అనే ఓడను పట్టుకున్నారు. 2024 మార్చిలో ఐఎన్ఎస్ కోల్‌కతా దాదాపు 40 గంటల పాటు దాన్ని వెంటాడి, విమానం నుంచి పారాచూట్లతో దిగిన కమాండోల సాయంతో 35 మంది దొంగలను లొంగదీసుకుని 17 మంది సిబ్బందిని విడిపించింది. ఒక్క ఓడకు అంత శ్రమ.

ప్రశ్న: సాగర్ ఎడమ కాలువ కింద వరి వేస్తాము. ఎరువు అడిగితే సొసైటీలో ‘ఓడ రాలేదు’ అంటారు. ఎక్కడో యుద్ధమైతే నా మడికి ఎరువు ఎందుకు ఆగాలి?
— రైతు, హాలియా

జవాబు: పొటాషియం ఎరువు మన దేశంలో తవ్వి తీసేది లేదు, అంతా దిగుమతే. అందులో కొంత జోర్డాన్ నుంచి, ఎర్ర సముద్రం మీదున్న అకబా రేవులో ఎక్కి వస్తుంది. డీఏపీ ఇచ్చే సౌదీ రేవు రాస్ అల్ ఖైర్, పర్షియన్ గల్ఫ్ ముఖద్వారమైన హోర్ముజ్ జలసంధికి లోపల ఉంది. భాస్వరపు ఎరువులిచ్చే మరో దేశం మొరాకో సూయజ్‌కు అవతల ఉంది. రామగుండంలో తయారయ్యే యూరియాను స్వదేశీ అనుకుంటాము. కాని యూరియాకు ముడిసరుకు సహజ వాయువు, మన దేశం ద్రవరూపంలో తెప్పించుకునే వాయువులో పెద్ద వాటా కతార్ నుంచి హోర్ముజ్ దాటే వస్తుంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, డీఏపీ 50 కిలోల బస్తా 1350 రూపాయలు అని ధర కట్టి ఉంచి, మిగతా భారం కేంద్రం సబ్సిడీగా మోస్తున్నందున, ఓడ కిరాయి పెరిగిన సంగతి మీకు ధరలో కనబడదు. అది ఆలస్యంగా కనబడుతుంది. నాటు వేసిన మడి రెండు వారాలు ఆగదు గనుక ధర పెరగడం కన్నా ఆలస్యమే రైతుకు ఎక్కువ నష్టం. సొసైటీ గుమాస్తా చెప్పే ప్రతి ‘ఓడ రాలేదు’ నిజమని నేను అనను. ఓడ వచ్చి, రేక్ (ఎరువు తెచ్చే గూడ్సు రైలు) దిగి, లారీ మరో ఊరికి మళ్లిన సందర్భాలూ ఉంటాయి. రేక్ ఎప్పుడు దిగిందో మండల వ్యవసాయాధికారిని అడగండి.

ఎరువు సముద్రం పాలైన ఉదంతం కూడా ఉంది. 2024 ఫిబ్రవరి 18న హూతీల క్షిపణి తగిలిన రూబీమార్ అనే ఓడ రెండు వారాల పాటు నీళ్లు తాగుతూ తేలి, మార్చి 2న మునిగింది. అందులో దాదాపు 21 వేల టన్నుల అమ్మోనియం ఫాస్ఫేట్ సల్ఫేట్ ఉంది, అంటే మీరు ‘ఇరవై ఇరవై’ అని పిలిచే కాంప్లెక్సు కుటుంబానికి చెందిన ఎరువు. 50 కిలోల బస్తాల్లో లెక్కేస్తే 4 లక్షల 20 వేల బస్తాలు. అది బల్గేరియాకు పోతున్న సరుకు, మనది కాదు. అయినా ఆ లెక్క కట్టినప్పుడు మనసు చివుక్కుమంది.

ప్రశ్న: మా మందుల కంపెనీ సరుకు కంటైనర్లలో ఐరోపాకు పోతుంది. బీమా ఉందిగా, యుద్ధం గురించి భయమెందుకని మా మేనేజరు అంటారు. నిజమేనా?
— ఎగుమతి విభాగం ఉద్యోగి, జడ్చర్ల

జవాబు: మీ మేనేజరుగారు పాలసీ చదివి ఆ మాట అన్నారా అన్నది ముఖ్యం. మామూలు సరుకు బీమాలో యుద్ధ నష్టం చేరదు. దానికి వేరే క్లాజు కొనాలి. మామూలు బీమా గోదాము నుంచి గోదాము దాకా వర్తిస్తే, యుద్ధ క్లాజు సరుకు ఓడ మీద ఉన్నంతసేపు మాత్రమే వర్తిస్తుంది. రేవు ఒడ్డున గోదాములో బాంబు పడితే రాదు. బీమా కంపెనీ ఏడు రోజుల నోటీసుతో ఆ క్లాజును రద్దు చేసుకోవచ్చు. అప్పటికే ఓడ ఎక్కిన సరుకుకు మాత్రం ఆ రద్దు వర్తించదు.

అన్నిటికన్నా మీ సరుకుకు పెద్ద చిక్కు ఆలస్యం. ఓడ గుడ్ హోప్ తిరిగి పోవడం వల్ల రెండు వారాలు ఆలస్యమై, మందు గడువు తరిగిపోయినా, కొనుగోలుదారు ఆర్డరు రద్దు చేసినా, ఏ క్లాజూ పైసా ఇవ్వదు. కాబట్టి గడువు తక్కువున్న బ్యాచీలను ఓడకు ఎక్కించకుండా విమానానికి ఉంచడం మంచిది.

జనరల్ యావరేజ్ అనేది కూడా తెలిసి ఉండాలి. ఓడనూ సరుకునూ కలిపి కాపాడడానికి అసాధారణమైన ఖర్చు పెట్టవలసి వస్తే, దాన్ని ఓడ యజమానీ సరుకుదారులందరూ తమ తమ ఆస్తి విలువను బట్టి పంచుకోవాలన్నది పాత సముద్ర ధర్మం. మీ కంటైనరుకు గీత పడకపోయినా, మీ వాటాకు హామీ ఇచ్చేదాకా దాన్ని వదలరు. 2021 మార్చిలో సూయజ్‌లో ఇరుక్కున్న ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ విషయంలో ఇదే జరిగింది. అక్కడ యుద్ధం కూడా లేదు.

ఓడ యజమానికి వేరే లెక్క. దాడులు మొదలయ్యే ముందు ఎర్ర సముద్రపు ప్రయాణానికి ఓడ విలువలో 0.05 శాతం ప్రాంతంలో ఉన్న యుద్ధ ప్రీమియం, 2024 తొలి నెలల్లో 0.7 నుంచి 1 శాతం దాకా ఎగబాకింది. 10 కోట్ల డాలర్ల ఓడకు 1 శాతమంటే ఒక్కసారి దాటడానికి 10 లక్షల డాలర్లు. నిజంగా క్షిపణి తగిలిన ఓడలు కొన్నే. ఈ ప్రీమియం మాత్రం దాటిన ప్రతి ఓడా కట్టింది, ఆ మొత్తం చివరికి మీలాంటి వారి కంటైనరు బిల్లులోకే దిగింది.

ప్రశ్న: జలసంధులను ఎవరైనా మూసేయవచ్చా? చట్టం లేదా?
— ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్

జవాబు: చట్టం ఉంది. 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ రాకపోకలకు వాడే జలసంధులలో నౌకలు దాటిపోయే హక్కును తీర దేశాలు ఆపకూడదు. అయితే ఇరాన్ దానిపై సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు, అమెరికా సంతకమే చేయలేదు. హూతీలు అసలు ఒప్పందాలు చేసుకునే దేశమే కాదు. సూయజ్ కాలువకు అంతకన్నా పాత చట్టముంది. యుద్ధకాలంలోనూ శాంతికాలంలోనూ అందరికీ తెరిచే ఉంచాలని 1888లో కాన్‌స్టాంటినోపుల్‌లో రాసుకున్నారు. 1967 జూన్‌లో అరబ్బు, ఇజ్రాయెల్ యుద్ధం మొదలైనప్పుడు ఆ కాలువ మూతపడి 1975 దాకా తెరుచుకోలేదు. మధ్యలో ఉన్న గ్రేట్ బిట్టర్ లేక్‌లో 14 ఓడలు ఎనిమిదేళ్లు ఇరుక్కుపోయి, ఎడారి ఇసుక పేరుకుని పసుపు రంగుకు తిరిగాయి. కాలువ తెరిచాక వాటిలో రెండు జర్మన్ ఓడలు మాత్రమే సొంత ఇంజిన్లతో ఇల్లు చేరాయి.