హాఫ్ వైట్, ఆఫ్ వైట్ ఒకటేనా?

చీరల అంగట్లో హాఫ్ వైట్ అంటారు, ఇంగ్లీషులో చదివితే ఆఫ్ వైట్ అని ఉంటుంది, ఏది సరైంది అని గదా మీరడిగింది. రంగు ఒకటే. రాసేటప్పుడు మాత్రం ఆఫ్ వైట్ అనే రాయండి. హాఫ్ వైట్ అని రాసి నేనొక బేరం పోగొట్టుకున్నా.

నెల్లూరు చిన్నబజారులో మాకు చిన్న చీరల అంగడి ఉంది. గల్లాపెట్టె దగ్గర మా అత్త, ఫోన్లో వచ్చే బేరాలకు నేను. ఒకసారి జరీ అంచు వెంకటగిరి నూలు చీరను మడత మీదే ఫోటో తీసి, కింద ఇంగ్లీషులో హాఫ్ వైట్ అని పెట్టా. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల కొనింది. చీర అందినాక మెసేజి పెట్టింది: 'సగం తెలుపన్నారు, మిగతా సగం ఏ రంగో అని విప్పి చూస్తే అంతా ఇదే ఉందే?' కుచ్చిళ్లు ఒక రంగు, పైట ఒక రంగు ఉండే హాఫ్ అండ్ హాఫ్ చీర అనుకుందంట. ఆ పిల్ల తప్పేం లేదు. హాఫ్ వైట్ మన దేశపు ఇంగ్లీషు, అక్కడ ఆ రంగును అట్లా అనరు. చీర వెనక్కొచ్చింది, కొరియర్ ఖర్చు మా నెత్తిన పడింది. మా అత్త ఇప్పటికీ 'సగం చీర' అని దెప్పుతుంది.

ఆఫ్ వైట్ అనే మాటలో ఆఫ్ అంటే సగం కాదు, పక్కకు తొలగడం. పాట శృతి తప్పితే ఆఫ్ కీ అంటారే, అదే ఆఫ్. తెలుపు నుంచి కాస్త తొలగిన ఏ రంగైనా ఆఫ్ వైటే: పసుపు వైపు ఒరిగినా సరే, బూడిద వైపు ఒరిగినా సరే. క్రీము, ఐవరీ కూడా ఆ ఇంటి పిల్లలే. మన అంగళ్లలో మాత్రం క్రీము కంటే పసుపు తక్కువుంటేనే హాఫ్ వైట్ అంటాం.

తెలుపుకూ ఆఫ్ వైటుకూ తేడా ట్యూబులైటు కింద సరిగ్గా కనపడదు. గుమ్మం దగ్గరికి తెచ్చి, పక్కన ఉతికిన తెల్ల పంచె పెట్టి చూడండి. పంచె పక్కన చీర చలువ చెయ్యని నూలులా కనిపిస్తే అదే ఆఫ్ వైట్. ఇంకోమాట, ఆ చీరకు నీలిమందు పెట్టకండి. ఆ కాస్త పసుపు చాయా పోయి, చీర నీలం తిరిగిపోతుంది.