సెల్ఫ్ కొట్టకు, ముందు చెవి పెట్టు అల్లుడూ

అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసేటప్పటికి నా ముందు ఒకాయన బండి సగం విప్పి ఉంది, సరిగా మాట్లాడలేకపోయాను. మన్ననూరు దాటినాక బండి ఆగిపోయి, చీకటి పడుతుంటే, తొమ్మిదికి అడవి గేట్లు మూసేస్తారన్న టెన్షన్‌లో అరగంట సెల్ఫ్ కొట్టి కొట్టి, ఆఖరికి ట్రాలీ ఆటోలో వేసుకుని అచ్చంపేట చేరావని విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అక్కడ షాపులో బండి విప్పకుండానే పెట్రోల్ పంపు పోయింది, మార్చాలి అన్నారట కదా. ఇంకా సరే అనకపోతే అనకు. ఇది చదివి, పది నిమిషాలు బండి దగ్గర కూర్చుని, తర్వాత ఏం చేయాలో చూసుకో.

మీ నాన్న నడిపిన పాత బండికి పెట్రోల్ దిగి, ప్లగ్గులో కరెంటు వస్తే చాలు, బ్యాటరీ చచ్చిపోయినా కిక్ కొడితే లేచేది. చోక్ లాగడం, బండిని పక్కకు వంచడం, పైపు పీకి ఊదడం, అవన్నీ కార్బరేటర్ బండికి చేసే వైద్యాలు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చినాక చాలా బండ్లు నీ బండి లెక్కనే ఎఫ్ఐ, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు అయిపోయాయి. వీటిలో పెట్రోల్ తనంతట తాను కిందికి దిగదు. ట్యాంకులో మునిగి ఉన్న పంపు దాన్ని నెట్టాలి, కంప్యూటర్ చెప్పినప్పుడు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకోవాలి, ఈ రెండింటికీ కరెంటు కావాలి. అందుకే ఎఫ్ఐ బండి లేవనప్పుడు నేను ముందు పెట్రోల్ జోలికి పోను, కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూస్తాను.

చప్పుడు లేని చోట బండి నిలబెట్టు. హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ ఆన్‌లో ఉందో చూసి, న్యూట్రల్ చేసి, సైడ్ స్టాండ్ పూర్తిగా లేపి, చావీ తిప్పు. సెల్ఫ్ ముట్టుకోకు, ట్యాంకుకు చెవి ఆనించు. పక్కింట్లో మిక్సీ తిరిగినట్టు సన్నగా రెండు మూడు సెకన్లు మోగి ఆగిపోవాలి. అది పంపు ప్రెజర్ కట్టే చప్పుడు. మీటర్‌లో పసుపు రంగు ఇంజన్ లైటు కూడా వెలగాలి. అదే వెలగలేదంటే కంప్యూటర్‌కే కరెంటు అందడం లేదేమో, అప్పుడు పంపును అని ఏం లాభం?

చప్పుడు రాకపోతే సీటు కింద ఫ్యూజులు చూడు. పగటి వెలుతురుకు పట్టి చూస్తే లోపలి సన్న తీగ తెగిందా లేదా కనబడుతుంది. 10 ఆంప్స్ తీస్తే 10దే పెట్టు, రాగి తీగ చుట్టే పని మాత్రం చేయకు, వైరింగ్ మొత్తం కాలిపోతుంది.

తర్వాత బ్యాటరీ. వోల్టులు కొలిచే మీటర్ పెడితే 12.5 వోల్టుల చుట్టూ ఉండాలి, 12 కంటే తగ్గితే ముందు చార్జింగ్ పెట్టించు. కానీ ఒక్క ఆ అంకె చూసి నమ్మకు. పోయిన వానాకాలం కనగల్ నుంచి ఒక రైతు బండి తెచ్చాడు, అప్పటికే వేరేచోట కొత్త పంపు వేయించుకున్నాడు. బ్యాటరీ 12.5 చూపిస్తోంది, సెల్ఫ్ నొక్కితే మాత్రం టక్‌మని మీటర్ లైట్లన్నీ ఆరిపోతున్నాయి. టెర్మినల్ బోల్టు పైకి గట్టిగానే ఉంది. విప్పి చూస్తే దాని కింద వైరు రింగు చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి పేరుకుపోయి ఉంది, ఉప్పు పట్టిన గోడ లెక్క. వేడినీళ్లలో వంట సోడా కలిపి కడిగి, ఎమెరీ కాగితంతో గీకి, వ్యాసలీన్ రాసి బిగిస్తే మొదటి సెల్ఫ్‌కే లేచింది. ఆ పంపుకు పెట్టింది పత్తి అమ్మిన డబ్బు అల్లుడూ. నీకు ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నది అందుకే.

ఇంకోటి అడగడం మర్చిపోయాను, ఆగకముందు బండి పక్కకు పడిందా? పడితే సెన్సర్ ఇంజన్‌ను ఆపేస్తుంది, కొన్నిటిలో చావీ ఆపి మళ్లీ తిప్పితే గానీ లేవదు. చాలా బండ్లలో ఇంజన్ లైటు మిణుకు మిణుకుమంటూ తప్పు ఎక్కడుందో చెబుతుంది కూడా. ఎన్నిసార్లు పెద్దగా, ఎన్నిసార్లు చిన్నగా కొట్టిందో లెక్కపెట్టి రాసుకో, లేదంటే వీడియో తీసి పంపు.

పంపు మోగుతూ, సెల్ఫ్ బాగా తిరుగుతూ కూడా లేవకపోతే అప్పుడు ప్లగ్గు విప్పాలి. తడిగా ఉంటే నువ్వు కొట్టిన సెల్ఫ్‌కు పెట్రోల్ ఎక్కువైందన్నమాట. చాలా బండ్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొడితే ఇంజెక్టర్ ఆగిపోయి లోపల ఆరుతుంది. మామూలుగా లేపేటప్పుడు మాత్రం యాక్సిలరేటర్ ముట్టుకోకు. ప్లగ్గు క్యాప్‌ను గాలిలో పట్టుకుని నిప్పురవ్వ వస్తుందా అని చూడటం నువ్వు చేయకు, ఆ టైమ్‌లో ఇంజెక్టర్ పెట్రోల్ కూడా కొడుతూ ఉంటుంది, అంటుకుంటే ఆపలేవు. పెట్రోల్ పైపు కూడా పీకకు, ప్రెజర్ మీద ఉంటుంది, కళ్లలో కొడుతుంది.

పెట్రోల్ విషయం కొంచెమే చెబుతాను. నీకు రిజర్వ్‌లో తిప్పే అలవాటుంది. పంపు చల్లబడేదే పెట్రోల్‌తో, ట్యాంకు అడుగంటితే వేడెక్కి తొందరగా పోతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నీళ్లు పీల్చుకుంటుంది, ఎక్కువైతే ఆ నీళ్లు విడిపోయి అడుగుకు చేరతాయి, పంపు ఉండేది అక్కడే. వానలో బయట నిలబెడితే ట్యాంకు మూత మీద కవర్ కప్పు.

రేపు పొద్దున షాపుకు పోయి ఆయనతో గొడవ పడకు, మర్యాదగా ఒక్కటే అడుగు. పంపు సాకెట్ పీకి మీటర్ పెట్టి, చావీ తిప్పినప్పుడు ఆ రెండు మూడు సెకన్లు 12 వోల్టులు వస్తున్నాయో లేదో నీ కళ్ల ముందు చూడమను. వచ్చి కూడా పంపు తిరగకపోతే ఆయన చెప్పింది నిజమే, మార్పించు, పాతది మాత్రం అడిగి తీసుకో. రాకపోతే ఎన్ని పంపులు మార్చినా అంతే. అప్పుడు బండి మీద చెయ్యి వేయనివ్వకు, ఆదివారం దేవరకొండ మీదుగా ఆటోలో వేసుకుని వచ్చెయ్, నేను షాపు తెరిచే ఉంచుతాను.

మీ మామ
నల్లగొండ