ప్లగ్గులో ఉండేది సందా, ఎడమా?

సందేహం: ఫోర్డ్ మోడల్ టీ కారు (1908–27) మీద వ్యాసం రాస్తున్నాను. ‘స్పార్క్ ప్లగ్ అంతరాన్ని పరీక్షించడం ద్వారా ఇంధన ఆర్థికత మెరుగుపడుతుంది’ అన్న వాక్యంలో ‘అంతరం’ తీసేసి ‘సందు’ పెట్టమంటున్నాడు మా మిత్రుడు. ఏది సరి?

సమాధానం: నా ఓటు ‘ఎడం’కి. సందులోంచి ఏదో ఒకటి దూరాలి, లేదా అందులో ఇరుక్కోవాలి: తలుపు సందులో వేలు పడుతుంది, గోడ సందులోంచి బల్లి వస్తుంది. ఎడం రెండింటి మధ్య దూరం. పెంచుతాం, తగ్గిస్తాం, కొలుస్తాం. ప్లగ్గు దగ్గర చేసేదీ అదే. పెట్రోలుని అంటించే నిప్పురవ్వ దూకే రెండు మొనల మధ్య ఇంచుమించు అంగుళంలో 32వ వంతు, అంటే 0.8 మి.మీ. ఎడం ఉండాలి. మరీ ఎడమైతే ఇంజను మీద లోడు పడ్డప్పుడు నిప్పురవ్వ దూకదు, పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. మరీ దగ్గరైతే రవ్వ నీరసంగా వస్తుంది, మొనలకి మసి పట్టేస్తుంది. ‘గ్యాప్’ అని రాసినా నాకు అభ్యంతరం లేదు, మెకానిక్కులు అనేది అదే.

ఒక్క చిక్కుంది. ఈ కారులో రవ్వ ఎప్పుడు పడాలో మార్చే మీట స్టీరింగు కింద ఎడమవైపే ఉంటుంది. ‘ఎడం సరిచేయాలి’ అని రాస్తే ప్లగ్గా, మీటా అని పాఠకుడు తికమకపడతాడు. దిక్కుకి ‘ఎడమ’, దూరానికి ‘ఎడం’ అని వ్యాసం మొత్తం ఒకే పద్ధతి పాటించండి.

అసలు తప్పు ‘పరీక్షించడం ద్వారా’లో ఉంది. పరీక్షిస్తే తెలుస్తుంది, అంతే, బాగుపడేది సరిచేస్తేనే. పైగా గ్యాప్ ‘చూస్తారు’, ‘పరీక్షించారు’ అనదగ్గ పని వేరే ఉంది. మోడల్ టీలో నాలుగు సిలిండర్లకి, ప్లగ్గుల్లో రవ్వకి కరెంటునిచ్చే నాలుగు కాయిళ్లు, వాటి మీద జుయ్యిమంటూ కొట్టుకునే రేకులు. ఇంజను మిస్సింగ్ కొడుతుంటే రెండేసి రేకుల్ని వేళ్లతో నొక్కిపట్టి, మిగతా రెండూ ఎలా పలుకుతున్నాయో విని, ఏ సిలిండరుదో తప్పు పట్టేవారు. ఆ క్రియని దానికోసం దాచుకోండి.

‘ఇంధన ఆర్థికత’ ఏ డ్రైవరు నోటా వినం. ‘ఇంధన పొదుపు’ మంచి మాటే, కానీ మిగిల్చినదాన్నే పొదుపంటాం. ‘పొదుపు గ్యాలనుకు 20 మైళ్లు’ అనడం కుదరదు. ‘మైలేజీ’ అనండి.

‘ప్లగ్గుల మొనల మధ్య ఎడం చూసి సరిచేస్తే మైలేజీ పెరుగుతుంది’ అని రాస్తే సరిపోతుంది. ఈ కారుకి గ్యాలనుకు 13 నుంచి 21 మైళ్లు వచ్చేదంటారు. అది 3.785 లీటర్ల అమెరికా గ్యాలను. బ్రిటిష్ గ్యాలనుతో లెక్కగడితే మైలేజీ ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. లీటరుకి సుమారు 5.5 నుంచి 9 కి.మీ. అని వేసుకోండి.